సిస్కో చేసింది తప్పా? ఫెడరేషన్ లాంటి మంచి లోకంలో చెయ్యెత్తొచ్చా?

రుషికుల్య_రేవు (బరంపురం)

అందరికీ నమస్తే. ఇక్కడ స్టార్ ట్రెక్ (భవిష్యత్తులో మనుషులు అంతరిక్షంలో తిరిగే అమెరికా టీవీ సీరియల్) చూసేవాళ్లు కొందరున్నారని తెలిసి రాస్తున్నాను. పోస్టు పొడుగైపోద్ది, కాస్త ఓపిక చేసుకుని చదవండి.

ఈ వేసవి సెలవుల్లో అందులో డీప్ స్పేస్ నైన్ అనే సిరీస్ ఏడు సీజన్లూ కూర్చుని చూసేసేను. స్టార్ ట్రెక్ అంటే నాకు ముందునుంచీ ప్రాణం, ఎందుకంటే అందులో మనుషులు బాగుపడిపోయుంటారు, భూమ్మీద ఆకలి లేదు, డబ్బు కోసం కొట్టుకోడం లేదు, ఫెడరేషన్ అని నూటయాభైకి పైగా గ్రహాలు ఒక మాట మీద ఉంటాయి, ఓడల నిండా ఆయుధాలున్నా ముందు మాట్లాడతారు, ఎంతకీ కుదరకపోతేనే కాలుస్తారు. అలాంటి లోకంలో 1998లో వచ్చిన ఒక ఎపిసోడ్ నన్ను నాలుగు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. డొమినియన్ అనే పెద్ద సామ్రాజ్యంతో యుద్ధం జరుగుతుంటాది, ఫెడరేషన్ ఓడిపోతోంది, ప్రతి శుక్రవారం చనిపోయినవాళ్ల జాబితా గోడకి పెడతారు, అందరూ వచ్చి తమవాళ్ల పేరుందేమోనని వెతుక్కుంటారు. పక్కనున్న రోములన్లు అనే ఇంకో జాతివాళ్లు ఎటూ చేరకుండా కూర్చున్నారు. ఫెడరేషన్ కెప్టెన్ సిస్కో ఏం చేసేడంటే, డొమినియన్ వాళ్లు రోములన్ల మీద దాడికి పథకం వేస్తున్నట్టు ఒక దొంగ రికార్డింగ్ తయారు చేయించేడు. దానికోసం జైల్లో ఉన్నవాణ్ణి విడిపించేడు, లంచాలిచ్చేడు, ఇవ్వకూడని ప్రమాదకరమైన సరుకు ఇచ్చేడు. వచ్చిన రోములన్ సెనెటర్ అది నకిలీ అని పట్టేసేడు. అప్పుడు సిస్కోకి సాయం చేస్తున్న గారక్ అనేవాడు ఆ సెనెటర్ ఓడలో బాంబు పెట్టి చంపేసేడు, నకిలీ తయారుచేసినవాణ్ణి కూడా. రోములన్లు అది డొమినియన్ పనే అనుకుని యుద్ధంలోకి దిగేరు. ఫెడరేషన్ నిలబడింది. సిస్కో ఇదంతా తన డైరీలో చెప్పుకుని, దీంతో నేను బతకగలను అని తనకి తాను నచ్చజెప్పుకుని, ఆఖర్న ఆ రికార్డు మొత్తం చెరిపేయమంటాడు.

ఇది నాకెందుకింతలా తగిలిందో కూడా చెప్పాలి. నేను ట్యూషన్ చెప్తాను, ఎనిమిది నుంచి పది దాకా, ఇంట్లో తెలుగు, పాఠం ఒడియాలో. పిల్లల్ని కొట్టను, పదకొండేళ్లుగా ఒక్క దెబ్బ వెయ్యలేదు, ఆ మాట మొదటిరోజే తల్లిదండ్రులకి చెప్తాను. మొన్న జనవరిలో పదో తరగతి కుర్రాడొకడు మా సందులో ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి గోడకి నొక్కి బెల్టు తీసి ముఖం మీద కొడుతున్నాడు, బకిల్ ఉన్న వైపు. నేను అరిచేను, వినలేదు. వెళ్లి చెయ్యి పట్టుకుని వెనక్కి మెలిపెట్టేను. బెల్టు కిందపడిపోయింది. అక్కడితో ఆగాలి కదా, ఆగలేదు నేను, ఇంకా పట్టుకునే ఉన్నాను, వాడు వదిలీండి సార్ అని ఏడుస్తున్నా కాసేపు వదల్లేదు. భుజం కీలు జారింది. బోర్డు పరీక్షకి ముందు నెల అది. చిన్నోడి తల్లిదండ్రులు నాకు దండం పెట్టేరు. పెద్దోడు మళ్లీ ట్యూషన్‌కి రాలేదు.

నా ప్రశ్న ఏటంటే, ఆదర్శం ఉన్నవాడు బలం వాడితే అది ఎక్కడిదాకా ఆదర్శం? సిస్కోని మీరు క్షమిస్తారా? నేను సిస్కోని తిట్టుకుంటూ చూసేను గానీ నాకు తెలుసు, ఆ సందులో నేనూ అలాంటి పనే చేసేను.

నాగావళి_గట్టు (రాయగడ)

మాస్టారూ, ముందు ఒక మాట, ఆ చిన్నబ్బాయి కన్ను పోకుండా ఆపింది మీరే, అది ఎవరు ఏమన్నా మారదు.

సిస్కో సంగతికొస్తే నేను సిస్కో వైపే. అదే ఎపిసోడ్‌లో బెటజెడ్ పడిపోయిందని కబురొస్తుంది గుర్తుందా, ఒక గ్రహం మొత్తం, మనసులో మాట వినగలిగే మెత్తని మనుషులుండే చోటు, అది శత్రువు చేతిలోకి పోయింది. ఇంకో నెల పోతే ఫెడరేషనే ఉండదు. ఫెడరేషన్ లేకపోతే ఫెడరేషన్ విలువలు ఎక్కడ పెట్టుకుంటాం చెప్పండి. ఈ ప్రశ్న స్టార్ ట్రెక్‌కి కొత్తది కూడా కాదు, 1967లోనే పాత సిరీస్‌లోని కెప్టెన్ కిర్క్, అతని ఆఫీసర్ స్పాక్ 1930ల అమెరికాకి వెళ్లే ఎపిసోడ్ ఉంది, అక్కడ ఈడిత్ కీలర్ అనే ఆవిడ పేదలకి అన్నం పెడుతుంటుంది, శాంతి కోరేది, యుద్ధం వద్దనేది. ఆవిడ బతికితే ఆవిడ శాంతి ఉద్యమం వల్ల అమెరికా యుద్ధంలోకి ఆలస్యంగా దిగుతుంది, ఈలోగా హిట్లర్ గెలిచేస్తాడు. ఆవిడ చెప్పింది మంచిదే కానీ చెప్పిన కాలం తప్పు. కిర్క్ ఆవిణ్ణి ప్రేమించాడు, అయినా లారీ కింద పడుతుంటే ఆపలేదు, ఆపబోయిన తన డాక్టర్ మెకాయ్‌ని పట్టేసుకున్నాడు. నేను ఎన్నిసార్లు చూసినా ఆ సీన్ దగ్గర లేచి నీళ్లు తాగి వస్తాను.

అలాగని సిస్కో చేసిందంతా వెనకేసుకు రాను. 1997లో ఇంకో ఎపిసోడ్ ఉంది, ఎడింగ్టన్ అని తన దగ్గర పనిచేసి మోసం చేసి తిరుగుబాటుదార్లలో కలిసినవాణ్ణి పట్టుకోడానికి సిస్కో ఏకంగా ఒక గ్రహం గాలిలో విషం కలిపాడు, యాభయ్యేళ్లు అక్కడ మనుషులు బతకలేరు. జనాన్ని ఖాళీ చెయ్యనిచ్చాడు నిజమే, ఓడలెక్కి పోయారు, కానీ ఆ ఊళ్లు పోయాయి కదా. అవతలివాడు ముందు అలాంటి పనే చేశాడని సాకు. అది యుద్ధం కోసం కాదు, తనకి జరిగిన అవమానం కోసం. మీరు చెప్పిన ఎపిసోడ్‌లో సిస్కో ఒళ్లు దగ్గరపెట్టుకుని బాధపడుతూ చేశాడు, ఇందులో కోపంతో చేశాడు, నాకు రెండూ ఒకటి కావు.

మీరు చెయ్యి మెలిపెట్టడం మొదటిదాని లాంటిది. వదలకుండా పట్టుకోవడం రెండోదాని లాంటిది. తప్పుగా అనుకోకండి, మీరే ఓపెన్‌గా రాశారు కాబట్టి అంటున్నాను.

గోదారి_మలుపు (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

నేను కోర్టులో జూనియర్‌గ చేస్తున్న, సీరియల్ కొంచమే చూసిన, గని మాస్టారు అడిగినదానికి చట్టంల సూటిగ జవాబున్నది. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా ఆత్మరక్షణ సెక్షన్లు, పాత ఐపీసీల 96 నుంచి 106. మన ప్రాణం కోసమే కాదు, ఇంకొకరి ఒంటి మీద దెబ్బ పడుతుంటే ఆపే హక్కు కూడ ఉన్నది, గది 35. అంటే బెల్టు పట్టినోని చెయ్యి పట్టుకునుడు మీ హక్కే. గని 37 ఏమంటదంటే కాపాడనీకి ఎంత అవసరమో అంతకన్న ఎక్కువ దెబ్బ తగలనీయొద్దు. 40 ఇంకా ముఖ్యం, అపాయం భయం ఉన్నంతసేపే ఆ హక్కు ఉంటది. బెల్టు కింద పడ్డది కదా, అది పడ్డ క్షణం నుంచి మీ హక్కు అయిపోయినట్టే.

సిస్కోకు గీ లెక్క పెడితే? అపాయం మస్తుగున్నది, నిజం. గని ఆ సెనెటర్ వల్ల అపాయమా? ఆయన దొంగ సాక్ష్యాన్ని దొంగ సాక్ష్యం అన్నడు, గంతే. అసలు ఆయన ఆ గొడవల లేనోడు. మీదికొచ్చినోన్ని ఆపుడు వేరు, పక్కనున్నోని బలిచ్చి బతుకుడు వేరు. నాగావళి అక్కా, మీరు రెండు ఎపిసోడ్లకు ఫరక్ చెప్పిర్రు, బాధపడుకుంట చేసిండు, కోపంతోని చేసిండు అని. చచ్చినోనికి ఆ ఫరక్ ఎట్ల తెలుస్తది?

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

ఈ ముచ్చట చదివి ఉండలేక రాస్తున్న. నాకు డీప్ స్పేస్ నైన్ కన్న పాత సిరీస్ ఎక్కువ ఇష్టం, 1966 నుంచి 69 దాకా వచ్చింది, 79 ఎపిసోడ్లు. అండ్ల 1968ల ఒకటున్నది, చూసినంక నేను వారం దాకా ఎవ్వరితోని మాట్లాడలే.

ఒక గ్రహం. ఊరోళ్లు, గుట్టలోళ్లు. ఇంకా విల్లంబుల కాడ్నే ఉన్నరు. ప్రైమ్ డైరెక్టివ్ అని ఫెడరేషన్ పెద్ద రూలు ఉన్నది కదా, ఎదగని లోకాల జోలికి పోవద్దు అని. గని ఫెడరేషన్‌కు శత్రువులైన క్లింగాన్లు దొంగతనంగ ఊరోళ్లకు తుపాకులు ఇచ్చిర్రు. ఇగ వాళ్లు గుట్టలోళ్లను చంపుతున్నరు. కిర్క్‌కు గుట్టలల్ల పాత దోస్తు ఉన్నడు, చంపుడు అంటే ఇష్టం లేనోడు. కిర్క్ ఏం సోచాయించిండంటే వీళ్లకు కూడ అవే తుపాకులు ఇద్దాం, అంతే ఇద్దాం, ఎక్కువ కాదు తక్కువ కాదు, అప్పుడు ఎవ్వరు గెలవరు, అందరు బతుకుతరు. డాక్టర్ మెకాయ్ మొత్తుకుంటడు ఇది ఎప్పటికి ఒడవని యుద్ధం అని. అప్పుడు వియత్నాం నడుస్తుండె, అండ్ల పేరు చెప్పకుండ ఆ యుద్ధం ముచ్చట గూడ ఎత్తుతరు. ఆఖరికి ఆ దోస్తు పెండ్లాం చచ్చిపోతది, తుపాకి వద్దన్నోడే నాకు ఇంకా కావాలె అంటడు. కిర్క్ మొఖం చూడాలె అప్పుడు.

మా సిరొంచ కాడ నిలబడితే ఇవతల మేము, గోదావరి దాటితే తెలంగాణ, ఇంద్రావతి దాటితే బస్తర్. 2005ల అక్కడ సల్వాజుడుం (మావోయిస్టుల మీదికి ఊరోళ్లనే తోలే దళం) షురూ అయ్యింది. అడవిల తుపాకులు పట్టినోళ్లు ముందుగాల్నే ఉండె, వాళ్లు చంపినోళ్ల పేర్లు గూడ మాకు తెలుసు, నేను వాళ్లను వెనకేసుకొస్తలేను. వాళ్లకు ఎదురుగ అదే ఊరి పోరగాళ్లకు ఎస్పీవోలని, అంటే స్పెషల్ పోలీస్ ఆఫీసర్లని, పేరు పెట్టి తుపాకులు ఇచ్చిర్రు. ఒక్క ఊరోళ్లు, ఒక్క గోత్రపోళ్లు ఒకరి మీద ఒకరు పోయిర్రు. ఊర్లు ఖాళీ అయినయ్, మస్తు మంది ఖమ్మం దిక్కు అడవులల్లకు పోయి గుడిసెలు ఏసుకున్నరు. 2011 జులైల సుప్రీంకోర్టు చెప్పింది గిట్ల ఆదివాసీ పోరగాళ్లను ఎస్పీవోలుగ పెట్టి ఆయుధాలిచ్చి ముంగటికి తోలుడు రాజ్యాంగానికి విరుద్ధమని. చెప్పేసరికి ఆరేండ్లు పోయినయ్. మా నాయిన తెండూ (బీడీ) ఆకు సీజన్‌ల అటు పోయి వచ్చేటోడు, ఒక ఏడు పోయి ఒట్టి చేతులతోని వచ్చిండు, ఏందే అంటే కల్లంల ఎవ్వరు లేరురా అన్నడు, ఇంకేం చెప్పలే. మా నాయిన మాటలు తక్కువ.

అందుకని నాకు సిస్కో కన్న కిర్క్ చేసిందే పెద్ద తప్పు అనిపిస్తది. సిస్కో తన చేతులు కరాబు చేసుకున్నడు. కిర్క్ తన చేతులు మంచిగ ఉంచుకొని ఇంకొకని చేతిల తుపాకి పెట్టి ఓడెక్కి పోయిండు. బలం వాడితే వాడు, గని నువ్వే వాడు, అక్కడ్నే ఉండు, దాని ఎనుక ఏమైతదో చూడు.

మాస్టారు మీరు మీ చేతులతోని చేసిర్రు, ఆ సందులనే ఉన్నరు. గది నాకు మంచిగ అనిపించింది.

నాగావళి_గట్టు (రాయగడ)

గోదారి తమ్ముడూ, నీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, నిజంగానే లేదు. సెనెటర్ విషయంలో నేను తేలిగ్గా మాట్లాడాను.

ప్రాణహిత గారు రాసింది చదివాక ఒకటి గుర్తొచ్చింది, కొంచెం పక్కదారి అయినా రాస్తాను. 1998లోనే స్టార్ ట్రెక్ సినిమా వచ్చింది, పికార్డ్ అనే ఇంకో కెప్టెన్‌ది, అందులో బాకు అని ఒక ఆరొందల మంది ఒక గ్రహం మీద ఉంటారు, ఆ గ్రహం చుట్టూ ఉన్న ఒక శక్తి వల్ల ముసలితనం రాదు. ఫెడరేషన్ అడ్మిరల్ అంటాడు ఆరొందల మందిని వాళ్లకి తెలీకుండా నిద్రలోనే వేరే చోటికి మార్చేద్దాం, దాంతో కోట్లమందికి మేలు జరుగుతుందని. పికార్డ్ ఒకటే అడుగుతాడు, ఎంతమందైతే తప్పవుతుంది, వెయ్యా, యాభైవేలా, పదిలక్షలా? మా జిల్లాలో నియమగిరి ఉంది, బాక్సైట్ కొండ, డోంగ్రియా కొంధుల దేవుడు కొండ. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తవ్వకం కావాలో వద్దో ఊళ్లనే అడగమంది, జిల్లా జడ్జి స్థాయి వాళ్లు పరిశీలకులుగా కూర్చున్నారు, రాయగడ కలహండి రెండు జిల్లాల్లో కలిపి పన్నెండు గ్రామసభలు, పన్నెండూ వద్దన్నాయి. కొన్ని ఊళ్లలో ఓటున్నవాళ్లు వందమంది కూడా లేరు. మా పిన్ని అప్పుడు అక్కడ అంగన్‌వాడీలో చేసేది, ఆడవాళ్లు ఒక్కొక్కరు లేచి చెప్తుంటే పక్కనున్న ఒకావిడ కునుకు తీస్తున్న పిల్లని కూడా లేపి కూర్చోబెట్టిందట, ఇది విను అని.

బాకు వాళ్లని ఎవరూ అడగలేదు. నిద్రలో మార్చేద్దామనుకున్నారు. దెబ్బ తగలదు, రక్తం రాదు, అయినా అది బలప్రయోగమే కదా మాస్టారూ, నా దృష్టిలో బెల్టు కన్నా పెద్దది.

ఎర్రమట్టి_27 (బల్లార్షా)

అందరూ పెద్ద పెద్దవి రాశారు, నాది చిన్నది. నేను ఫిజియోథెరపీ చేస్తాను. స్టార్ ట్రెక్‌లో ఫేజర్ అనే తుపాకీకి స్టన్ సెట్టింగ్ ఉంటుంది, కాలిస్తే స్పృహ తప్పుతాడు, కాసేపటికి లేచి కూర్చుంటాడు, ఏమీ కాదు. ఆ ఒక్క సౌకర్యం వల్లే వాళ్లకి మంచితనం అంత సులువైంది అనిపిస్తుంది నాకు. మన లోకంలో స్టన్ లేదండి. మెల్లగా కొట్టాం అనుకున్న లాఠీదెబ్బకి మోకాలు పోయినవాళ్లు నా దగ్గరికి వస్తారు, ఎవరూ కావాలని చెయ్యరు, మనిషి ఒళ్లు అంత గట్టిది కాదు అంతే.

మాస్టారు గారూ, ఒకసారి జారిన భుజం, అందులోనూ కుర్రవయసులో, మళ్లీ జారే అవకాశం బాగా ఎక్కువ. ఆ అబ్బాయికి ఎక్సర్‌సైజులు చేయిస్తున్నారా లేదా కనుక్కోండి. బంతి విసరడం, చెయ్యి తల పైకెత్తి వెనక్కి తిప్పడం ఇలాంటివి జాగ్రత్త. కండరం గట్టిపడాలంటే నెలలు పడుతుంది, నొప్పి తగ్గిందని మానేస్తారు, అక్కడే తప్పు జరుగుతుంది. దగ్గర్లో ఎవరికైనా చూపిస్తే మంచిది.

మహేంద్రగిరి_మబ్బు (పర్లాకిమిడి)

బాబూ రుషికుల్యా, నీ పేరు చూసే ఆగేను. నేను హిస్టరీ చెప్పి రిటైరైనవాణ్ణి, మీ స్టార్ ట్రెక్ మా అమ్మాయి పుణ్యమా అని చూసేను, మీరందరూ చెప్పినవి దాదాపు తెలుసు.

మీ బరంపురానికి ముప్పై నలభై కిలోమీటర్లలో, మీ రుషికుల్య ఒడ్డునే జౌగడ ఉంది. ఎప్పుడైనా వెళ్లేవా? అశోకుడి శాసనం ఉన్న బండ. నేను పిల్లల్ని ఏటా తీసుకెళ్లేవాణ్ణి. అశోకుడు అనగానే పిల్లలు చెప్పే మాట కళింగ యుద్ధం, పశ్చాత్తాపం. ఆ పశ్చాత్తాపం ఉన్నది పదమూడో శాసనంలో, లక్షమంది చచ్చిపోయేరు, లక్షన్నర మందిని చెరపట్టుకుపోయేరు, దానికి రాజు బాధపడుతున్నాడు అని స్పష్టంగా రాసుంటాది. అది గిర్నార్‌లో ఉంది, కాల్సీలో ఉంది, మన కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది. జౌగడలో లేదు. ధౌళిలోనూ లేదు. కళింగలో ఉన్న రెండు చోట్లా పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు వదిలేసి వాటి బదులు వేరే రెండు చెక్కించేడు. అంటే దెబ్బ తిన్నవాళ్లకి తప్ప మిగతా దేశానికంతటికీ క్షమాపణ చెప్పుకున్నాడు. మొదటిసారి ఈ సంగతి చదివినరోజు నాకు పాఠం చెప్పబుద్ధి కాలేదు.

ఎందుకలా చేసేడో రకరకాలుగా ఊహించుకోవచ్చు. గాయం కెలకడం ఎందుకనుకున్నాడేమో, ఏలుతున్నచోట తప్పు ఒప్పుకుంటే పట్టు జారిపోద్దనుకున్నాడేమో. నాకు రెండోదే నిజమనిపిస్తాది. ఇంకోటుంది, అదే పదమూడో శాసనంలో అడవిలో ఉండేవాళ్లని ఉద్దేశించి, రాజు పశ్చాత్తాపపడుతున్నా శిక్షించే శక్తి ఆయనకుందని గుర్తుపెట్టుకోండి అని హెచ్చరిక కూడా ఉంది. అహింస మాట్లాడుతూనే కత్తి ఒరలో ఉంచుకున్నాడు. మీ ఫెడరేషన్ ఓడల్లాగే.

అలాగని జౌగడ బండని తీసిపారెయ్యొద్దు. అక్కడున్న మాటలు సామాన్యమైనవి కావు. ప్రజలందరూ నా పిల్లలే అంటాడు. సమాపలో, అంటే అప్పటి జౌగడలో, ఉన్న అధికార్లకి చెప్తున్నాడు, కారణం లేకుండా ఎవర్నీ బంధించొద్దు, బాధపెట్టొద్దు, ఈ మాటలు తిష్య నక్షత్రం రోజున చదివి వినిపించండి అని. సరిహద్దు అవతల ఉన్నవాళ్లకి, నాకు భయపడొద్దు, క్షమించగలిగినంత క్షమిస్తాను అంటాడు. క్షమించగలిగినంత! అందులోనే ఉంది చూడండి అంతా.

సిస్కో దగ్గర నాకు నొప్పి ఎక్కడంటే అబద్ధం కాదు, హత్య కూడా కాదు, ఆఖర్న రికార్డు చెరిపేయడం. రోములన్లు లక్షలమంది ఆ అబద్ధం మీద చచ్చిపోతారు, వాళ్లకి ఎప్పటికీ తెలీదు ఎందుకు చచ్చిపోయేరో. పికార్డ్ 1992లో బోర్గ్ అనే సగం యంత్రాలైన శత్రుజాతిలోని హ్యూ అనే కుర్రాణ్ణి వాడుకుని ఆ జాతినంతా తుడిచిపెట్టే అవకాశం వస్తే వదిలేసేడు. తర్వాత ఏడాది అడ్మిరల్ చీవాట్లు పెట్టింది, ఇంకోసారి అవకాశమొస్తే వదలొద్దని ఆర్డరిచ్చింది. పికార్డ్ చేసింది తప్పో ఒప్పో నేను తేల్చలేను, వదిలేసినందువల్ల తర్వాత కొందరు చచ్చిపోయేరు కూడా. కానీ దాచలేదు. అందరి ముందూ నిలబడి ఇదీ నేను చేసింది అన్నాడు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. మీ ఊరి జైలుంది కదా బాబూ. 1943 మార్చి 29న అక్కడే లక్ష్మణ నాయక్‌ని ఉరితీసేరు. కొరాపుట్ అడవి మనిషి, గాంధీగారి దారి పట్టినవాడు. 1942 ఆగస్టు 21న మత్తిలి పోలీస్ స్టేషన్ దగ్గరికి జనాన్ని శాంతంగా తీసుకెళ్లేడు, పోలీసులు కాల్చేరు, జనం చచ్చిపోయేరు, ఆ గలాటాలో ఒక ఫారెస్ట్ గార్డు కూడా చచ్చిపోయేడు, ఆ హత్య ఈయన నెత్తిన పెట్టేరు. చెయ్యెత్తనివాడికి ఉరి. అదే కొండల్లో ఇరవయ్యేళ్ల ముందు అల్లూరి సీతారామరాజు 1922లో చింతపల్లి స్టేషన్ మీద పడి తుపాకులు తీసుకుపోతూ ఏమేం తీసుకున్నామో కాగితం రాసి పెట్టి వెళ్లేడు. మా అమ్మాయి అడిగింది వీళ్లిద్దర్లో ఎవరు ఫెడరేషన్ నాన్నా అని. ఇద్దరూ అనేసేను, అప్పుడు ఇంకేం తోచలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరూ దాక్కోకుండా, చేసింది తన పేరు మీదే ఉంచుకుని చేసేరు, అందుకే అలా అన్నానేమో.

నువ్వు చిన్నోడి తల్లిదండ్రుల దండం గురించి రాసేవు. పెద్దోడి ఇంటికి వెళ్లేవా? అది రాయలేదు నువ్వు.

గోదారి_మలుపు (ధర్మాబాద్)

సార్, మీ అశోకుని ముచ్చట చదివి లేచి నిలబడ్డ. గని ఒక మాట. పొయ్యి చెప్పుడు కూడ చూసి చెప్పాలె. పెద్దోని ఇంట్లకు కేసు భయం ఉండొచ్చు, మాస్టారుకు కూడ ఉండొచ్చు. మాస్టారు పోతే నీ కొడుకే తప్పు చేసిండు అని మొదలుపెట్టొద్దు. రెండు తప్పులు రెండుగనే ఉంచాలె, ఒకదాంతోని ఇంకోదాన్ని చెల్లు చేయొద్దు.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ)

మబ్బు సార్‌కు దండం. మా దిక్కు కూడ గట్లనే అయ్యింది, కోర్టు తీర్పు ఢిల్లీల చదివిర్రు, ఊర్లు కాలినోళ్లకు వాళ్ల భాషల ఎవ్వరు చదివి వినిపియ్యలే.

రుషికుల్య_రేవు (బరంపురం)

పదిరోజులు ఏమీ రాయలేదు, మన్నించాలి. మబ్బు మాస్టారూ, మీ ఆఖరి ప్రశ్న చదివి ఫోన్ మూసేసేను. వెళ్లలేదు మరి. జనవరి నుంచి ఆ వీధిలోంచి వెళ్లడం మానేసి చుట్టూ తిరిగి బజారుకి వెళ్తున్నాను, అది కూడా మీరడిగేదాకా నాకు నేను ఒప్పుకోలేదు.

మొన్న ఆదివారం వెళ్లేను. వాళ్లమ్మ అప్పడాలు వత్తి అమ్ముకుంటుంది, డాబా మీద ఎండబెడుతోంది. వాళ్లు ఒడియా వాళ్లు, మాస్టారు వచ్చేరు అని మంచం దులిపి కూర్చోమంది, నాకు ఆ మర్యాదే కష్టమైపోయింది. చెప్పేను. మీవాడు చిన్నపిల్లాణ్ణి కొట్టేడు, ఆపడానికి చెయ్యి పట్టుకున్నాను, దానికి నేను ఏమీ అనుకోవట్లేదు, కానీ బెల్టు పడిపోయాక కూడా పట్టుకున్నాను, అది కోపంతో చేసేను, ఆ భుజం ఆ రెండో దాని వల్లే పోయింది అని. గోదారి తమ్ముడు చెప్పినట్టు రెండూ రెండుగానే చెప్పడానికి చూసేను, మధ్యలో గొంతు పోయింది. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు, అప్పడాలు తిరగేస్తూ ఉంది. తర్వాత అడిగింది, మరి పరీక్ష రోజు చెయ్యి నొప్పని వాడు ఏడుస్తూ రాసేడు, అప్పుడెందుకు రాలేదు సార్ అని. దానికి నా దగ్గర ఏమీ లేదు. భయమేసింది అన్నాను. అదే నిజం.

కుర్రాడు లోపలే ఉన్నాడు, బయటికి రాలేదు. తలుపు దగ్గర చెప్పులు కనిపిస్తున్నాయి. రమ్మని నేను అడగలేదు, వాడి ఇష్టం.

ఎర్రమట్టి గారూ, ఎక్సర్‌సైజులు నెలరోజులు చేసి మానేసేడట, మీరు చెప్పినట్టే. ఇక్కడ మాకు తెలిసిన ఫిజియో దగ్గర మాట్లాడేను, వారానికి రెండుసార్లు, డబ్బు నేను కడతానంటే వాళ్లమ్మ సగం మేమే ఇస్తాం అంది, సరే అన్నాను. బంతి విసరొద్దని చెప్పమన్నారు కదా, వాడు క్రికెట్‌లో ఫాస్ట్ బౌలరట, అది నాకు తెలీదు, రెండేళ్లు నా దగ్గర చదివినా తెలీదు. ఎన్నాళ్లకి మళ్లీ బౌలింగ్ వెయ్యొచ్చో కొంచెం చెప్పగలరా? రేపు మంగళవారం మొదటి సిట్టింగ్, అక్కడ అడగడానికి ఏమేం అడగాలో కూడా రాయండి.